విరిగిన గొడుగు గుడ్డతో సంచులు: ఎవరెవరు ఏం కుట్టారు?

తిరుచానూరు_పద్మజ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో బీరువా వెనక విరిగిన గొడుగులు పోగుపడిపోయాయి. ఒకదానికి కమ్మీ విరిగింది, ఒకదానికి బటన్ పనిచేయదు, ఇంకొకటి గాలికి తిరగబడి మళ్ళీ మామూలుగా రాలేదు. గుడ్డ మాత్రం అన్నింటికీ నిక్షేపంగా ఉంది. పాత సామాన్ల ఆయనకి వేస్తే ఇనుము మటుకు పీక్కుని, గుడ్డ మన గేటు దగ్గరే పడేసి పోతున్నాడు. దీంతో కూరగాయల సంచి కుట్టుకోవచ్చని మా తోడికోడలు అంటోంది. మీలో ఎవరైనా కుట్టారా? నిజంగా బరువు ఆగుతుందా, లేక ఫొటోలకే బాగుంటుందా? నా దగ్గర కాలి మిషన్ ఉంది, జాకెట్లు కుట్టుకునేంత వచ్చు.

అలిపిరి_మెట్లు:
ఆగుతుంది పద్మజ గారూ. మా అత్తమ్మ కుట్టిచ్చిన సంచి రెండేళ్ళుగా నా బండి డిక్కీలోనే ఉంటోంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అన్నీ దాంట్లోనే. మడిస్తే గుప్పెట్లో పట్టేస్తుంది, అదే దాని సుఖం. గుడ్డ సంచి అయితే తీసుకెళ్ళడం మర్చిపోతాం, ఇది ఎప్పుడూ జేబులోనో డిక్కీలోనో పడి ఉంటుంది.

సూదీదారం_చిత్తూరు:
పద్మజ గారూ, చిత్తూరులో నాది చిన్న టైలరింగ్ షాపు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి వానలు పడతాయి కదా, సంక్రాంతి అయ్యేసరికి ఇలాంటి గొడుగులు పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

కత్తెర పట్టుకునే ముందు గుడ్డని చూడండి. రెండు చేతుల బొటనవేళ్ళతో గట్టిగా పట్టి అడ్డంగా లాగండి. మడతల దగ్గర తప్పకుండా లాగి చూడాలి, ఎందుకంటే ముందు పోయేది అక్కడే. కాగితంలా చిరిగిందంటే ఎండకి ఆ గుడ్డ పనైపోయినట్టే, దాంతో సంచి కుట్టడం దండగ. నైలాన్ గుడ్డ ఎండకి తొందరగా బలం పోగొట్టుకుంటుంది, పాలిస్టర్ కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపలి వైపు వెండి పూత ఉన్నవి ఇంకో తలనొప్పి. కొన్నాళ్ళకి ఆ పూత పొడిపొడిగా రాలుతుంది, టమాటాలకీ కొత్తిమీరకీ అంటుకుంటుంది. వాటిని తిండి వస్తువులకి వాడొద్దు. చెప్పులకో, బండి సీటుకో పెట్టుకోండి.

విప్పేటప్పుడు గొడుగు పూర్తిగా తెరిచి పెట్టుకోండి. ముఖ్యంగా బటన్ నొక్కితే తెరుచుకునే రకం. లోపల స్ప్రింగు గట్టిది, సగం మూసి ఉన్నప్పుడు కదిపితే కమ్మీ ఎగిరి కంటికి తగలొచ్చు. కడ్డీని మటుకు కొయ్యొద్దు. పైన చిన్న మూత ఉంటుంది, తిప్పితే ఊడి వస్తుంది. తర్వాత ప్రతి కమ్మీ చివరా గుడ్డని దారంతో కుట్టి ఉంటారు, మధ్యలో కీలు దగ్గర ఇంకో చిన్న ముడి ఉంటుంది. ఆ దారాలు తెంపితే చాలు, గుడ్డ గుండ్రంగా మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. లాగొద్దు, దారం తెంపండి. లాగితే మూలలు చిరుగుతాయి.

కుట్టడానికి వస్తే, ఎనిమిది ముక్కల గుడ్డని అలాగే ఉంచి, ఎదురెదురు అతుకుల మీద సగానికి మడవండి. నాలుగు ముక్కలు ముందువైపు, నాలుగు వెనకవైపు. ఆ మడతే సంచి అడుగు. అంటే అడుగున కుట్టే పనే లేదు, అక్కడి నుంచి ఊడిపోతుందనే టెన్షనూ లేదు. మామూలు గొడుగులో అడుగున్నర వెడల్పు, 16 అంగుళాల ఎత్తు సంచి సులువుగా వస్తుంది. సుద్దతో గీసుకుని, రెండు పక్కలా కత్తిరించి కుట్టేయడమే. గొడుగు గుడ్డ చదునుగా పరుచుకోదు, అక్కడక్కడ ఉబ్బుతుంది. బలవంతంగా సాపు చేయకండి, ఆ ఉబ్బే సంచికి లోతు ఇస్తుంది.

ఒక్క చిక్కు. గొడుగు నడినెత్తిన కడ్డీ దూరే బొక్క ఉంటుంది కదా, అది సరిగ్గా సంచి అడుగు మధ్యకి వస్తుంది. మిగిలిన పీలికల్లోంచి అరచేయంత ముక్క కోసి, రెండు పొరలుగా లోపలి నుంచి వేసి చుట్టూ రెండు వరసలు కుట్టండి. ఈ పని ఎగ్గొట్టిన సంచుల్లోంచి చిల్లర, పచ్చిమిరపకాయలు రోడ్డు మీద పడటం చూశాను.

తిరుచానూరు_పద్మజ:
అబ్బ, ఎంత వివరంగా చెప్పారు అక్కా! మరి సూది ఏ నంబరు? నా మిషన్‌కి 16 వేసి ఉంది.

సూదీదారం_చిత్తూరు:
16 లావు. దాంతో కుడితే వరసగా బొక్కలు పడి, చింపుకోమని గీత గీసి ఇచ్చినట్టు అవుతుంది. 11 వేయండి. కుట్టు మరీ దగ్గరగా వద్దు, కాస్త పొడుగ్గా పెట్టండి. పాలిస్టర్ దారం వాడండి, నూలు దారం తడికి చివికిపోతుంది. గుండుసూదులు గుచ్చొద్దు, ఈ గుడ్డకి ఆ బొక్కలు పూడవు. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకుంటే సరి. గుడ్డ జారిపోతుంటే కింద న్యూస్ పేపర్ ముక్క పెట్టి దాంతో పాటే కుట్టేసి, తర్వాత పేపరు చింపేయండి. ఇస్త్రీ పెట్టె దగ్గర జాగ్రత్త, పైన నూలుగుడ్డ పరిచి బాగా తక్కువ వేడితో. లేదంటే పెట్టెకి అంటుకుని కరిగిపోతుంది.

రంగుల_పీలికలు:
అక్క చెప్పిన పద్ధతి గట్టిదే, కాదనను. కానీ వేరువేరు గొడుగుల గుడ్డలుంటే ముక్కలు విడదీసి కుట్టుకుంటే అందమే వేరు. ఒక్కో ముక్క త్రికోణం. ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా పెట్టి కలుపుకుంటూ పోతే పొడుగు పట్టీ వస్తుంది. నల్లది, ఎర్రది, నల్లది, పువ్వులది. నేను గాంధీ రోడ్డులో ఆ సంచి పట్టుకుని వెళ్తే ఎక్కడ కొన్నావని ఇద్దరు ఆపి అడిగారు.

సూదీదారం_చిత్తూరు:
అందం సరే అమ్మా. కానీ ఆ త్రికోణాల పక్క గీతలు తిన్నగా ఉండవు, గొడుగు గుండ్రం రావడానికి కొంచెం బయటికి వంపు ఇచ్చి కోస్తారు. అలాగే కలిపితే సంచి ముడతలు పడుతుంది. స్కేలు పెట్టి తిన్నగా కోసుకోవాలి. పైగా ఆ పక్కలు ఏటవాలుగా ఉంటాయి, బరువు పడితే సాగుతాయి. పట్టీ మీద కుట్టు రెండు వరసలు వేసి, లోపల ఏదైనా పాత చీర లైనింగ్ ఇచ్చావంటే అప్పుడు నిలుస్తుంది. లైనింగ్ వేశాక అది గుప్పెట్లో పట్టదు, అది కూడా చూసుకో.

రంగుల_పీలికలు:
లైనింగ్ వేశాను కాబట్టే ఇంకా ఉంది అక్కా 😀 గుప్పెట్లో పట్టకపోతే పోనీ, చంకకి తగిలించుకుంటాను.

రిటైర్డ్_మాస్టారు:
అందరూ సంచుల మీదే పడ్డారు. ముందు గొడుగు బాగవుతుందేమో చూశారా? ఒక్క కమ్మీ విరిగితే గొడుగు పారేయాల్సిన పని లేదు. బజారులో తాళాలు, జిప్పులు బాగుచేసేవాళ్ళలో కొందరు గొడుగు కమ్మీలు కూడా మారుస్తారు. పొడుగు గొడుగుకి ఇది చాలా తేలిక. ఆ కమ్మీని గమనించండి, గుండ్రని ఊచ కాదు, సన్నని కాలువగా వంచిన ఉక్కు రేకు. 1852లో ఇంగ్లండులో శామ్యూల్ ఫాక్స్ తెచ్చిన పద్ధతి అది, బరువు తగ్గి బలం పెరిగింది. అంతకు ముందు తిమింగిలం నోట్లోని పలకలతోనూ, బెత్తంతోనూ చేసేవాళ్ళు. మూడు మడతల గొడుగుకి మాత్రం ఒక్కో కమ్మీకి కీళ్ళు ఎక్కువ, విరిగితే బాగుచేసేవాడికి కూడా విసుగు.

ఇంకో మాట. ఏటా గరుడసేవకి ముందు చెన్నై నుంచి ఊరేగింపుగా గొడుగులు వస్తాయి, తిరుచానూరు అమ్మవారికి సమర్పించి కొండకి తీసుకెళ్తారు. వాటిని చూస్తూ పెరిగినవాణ్ణి, గొడుగు చెత్తబుట్టలో కనపడితే నాకు ప్రాణం ఒప్పదు.

కట్టమంచి_కుర్రాడు:
మాస్టారూ, కమ్మీ మార్చడానికి 80 రూపాయలు అడిగారు నన్ను. ఇంకో వంద వేస్తే కొత్తది వస్తుంది. ఎవడు మారుస్తాడు?

రిటైర్డ్_మాస్టారు:
ఆ కొత్తది వచ్చే నవంబరుకి మళ్ళీ విరుగుతుంది నాయనా. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా, తిరుపతిలో వీధులే ఏరులయ్యాయి. వంద రూపాయల గొడుగులు ఆ గాలికి ఒక్క సాయంత్రం కూడా నిలవలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడూ అంతే. గట్టి గొడుగు అయితే బాగుచేయించు, నాసిరకం అయితే గుడ్డ తీసుకో. నేను చెప్పేది అంతే.

హాస్టల్_పిల్ల:
నేను ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్నాను. మిషన్ లేదు, కుట్టడం రాదు. సూది దారం మాత్రం ఉన్నాయి. నాకు ఏదైనా చెప్పండి అక్కలూ.

రంగుల_పీలికలు:
నీకు తేలిక పని ఉంది చెల్లీ. గొడుగు అంచు ఇప్పటికే మడిచి కుట్టి ఉంటుంది కదా. ఆ మడతలోకి దూరేలా పిన్నీసుకి నాడా కట్టి చుట్టూ లాగు. అతుకు దగ్గర అడ్డం తగిలితే కాస్త కుట్టు విప్పి దాటించు. నాడా బిగిస్తే మూతి ముడుచుకుపోయే పెద్ద మూట సంచి. ఉతకాల్సిన బట్టలకి హాస్టల్లో ఇంతకంటే ఏం కావాలి. కుట్టే పనల్లా నడిమి బొక్కకి అతుకు వేయడమే, అది చేత్తో చాలు.

హాస్టల్_పిల్ల:
నాడా బదులు ఎలాస్టిక్ వేస్తే?

రంగుల_పీలికలు:
ఎలాస్టిక్ వేస్తే అది కవరు అవుతుంది. మా వెట్ గ్రైండర్‌కి అలాగే వేసి పెట్టాను, దుమ్ము పడదు. స్కూటీ సీటుకి కూడా బాగా పడుతుంది.

అలిపిరి_మెట్లు:
కొండకి నడిచి వెళ్ళేవాళ్ళకి ఒక ఉపాయం. ఎలాస్టిక్ వేసిన గొడుగు గుడ్డ వీపు బ్యాగుకి వాన కవరుగా దివ్యంగా పనికొస్తుంది. గాలిగోపురం దాటాక ఎప్పుడు వాన వస్తుందో చెప్పలేం. నడిమి బొక్క ఉన్నచోట అతుకు వేశాక, ఆ కుట్టు మీద కొవ్వొత్తి మైనం గట్టిగా రుద్దండి, సూది బొక్కలు చాలావరకు పూడుకుంటాయి. పూర్తిగా నీళ్ళు దిగవని చెప్పను, జడివానకి కొంచెం దిగుతాయి. తడి బట్టలకి, చెప్పులకి కూడా చిన్న సంచులు కుట్టి పెట్టుకున్నాం. కపిలతీర్థంలో స్నానం చేసి తడి తువ్వాళ్ళు దాంట్లో వేసుకుని బస్సెక్కితే పక్కవాళ్ళు తిట్టరు.

గిరింపేట_కోడలు:
లడ్డూలు పెట్టుకోవచ్చా దీంట్లో? మా వాళ్ళు కొండకి వెళ్తే చాలా తెస్తారు.

సూదీదారం_చిత్తూరు:
వద్దమ్మా. ఈ గుడ్డకి గాలి ఆడదు. లడ్డూ లోపల చెమర్చి బూజు పడుతుంది. పైగా నెయ్యి అంటితే ఉతికినా వాసన పోదు. కాగితంలోనో నూలు సంచిలోనో పెట్టుకోండి. కొండ మీద లడ్డూలకి ప్లాస్టిక్ కవర్ల బదులు మట్టిలో కలిసిపోయే సంచులు కూడా 2021లో డీఆర్‌డీవో వాళ్ళు తయారుచేసి తెచ్చారు. గొడుగు గుడ్డకి ఆ పని అప్పగించకండి.

నిజం_మాట్లాడదాం:
అందరూ మురిసిపోతున్నారు గానీ, గొడుగు గుడ్డ కూడా పాలిస్టరే, అంటే ప్లాస్టిక్కే. ఉతికిన ప్రతిసారీ సన్నని పోగులు కాలవలోకి పోతాయి. దీన్ని పర్యావరణ సేవ అని ఎలా అంటారు?

అలిపిరి_మెట్లు:
సేవ అని ఎవరన్నారు సార్? ఆ గుడ్డ ఎలాగూ ఉంది. చెత్తలో వేసినా, తగలబెట్టినా ఏం లాభం? సంచి చేస్తే ఇంకో నాలుగేళ్ళు వాడతాం. అదీ గాక, దీన్ని బట్టలు ఉతికినట్టు రోజూ ఉతకం. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

నిజం_మాట్లాడదాం:
ఆ లెక్క ఒప్పుకుంటాను. కొత్త గొడుగు కొని మరీ సంచి కుట్టేవాళ్ళు ఉన్నారు, వీడియోలు చూశాను. నా కోపం వాళ్ళ మీద.

రిటైర్డ్_మాస్టారు:
అది నిజమే, అది పిచ్చి పని. ఇంకోటి కూడా తెలుసుకోండి. షాపుల్లో ఇచ్చే గుడ్డలాంటి రంగు సంచులు ఉన్నాయి చూశారూ, అవి గుడ్డ కావు. అది కూడా ప్లాస్టిక్కే, పోగుల్ని నేయకుండా వేడితో అతికిస్తారు. అందుకే 2021 సెప్టెంబరు 30 నుంచి వాటికి కూడా చదరపు మీటరుకు 60 గ్రాముల బరువు తగ్గకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. మామూలు ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకి తక్కువ ఉండకూడదు. అంత మందం సంచి ఊరికే ఇవ్వడం షాపువాడికి గిట్టుబాటు కాదు. కాబట్టి మన సంచి మనం పట్టుకెళ్ళడమే మేలు, అది గొడుగుదైనా సరే, పాత లుంగీదైనా సరే.

బీరపాదు:
కమ్మీల సంగతి ఎవరూ మాట్లాడరేం? నాకు కావాల్సింది అవే. మాది పలమనేరు వైపు. గుడ్డ తీసేసిన గొడుగుని తెరిచిన పళంగా పెద్ద కుండీలో నిలువుగా పాతండి. కమ్మీ నుంచి కమ్మీకి జనపనార చుట్టండి. చిక్కుడు, బీర, కాకర దానికి అల్లుకుంటాయి. కమ్మీల కొనలు కంటికి తగలకుండా పాత పెన్ను మూతలు తొడగండి, పిల్లలు తిరిగే ఇల్లయితే అది మర్చిపోవద్దు. ఉక్కుది తుప్పు పడుతుంది గానీ ఒక పంటకాలం నిలుస్తుంది. విడి కమ్మీలు టమాటా మొక్కలకి ఊతం. వంకర పిడి ఉన్న పాత గొడుగు అయితే దాని పిడిని దోటికి కట్టుకోండి, మామిడికొమ్మ వంచుకోవడానికి బ్రహ్మాండం.

కట్టమంచి_కుర్రాడు:
నా గొడుగు కమ్మీలు ఇనుము కాదు, నల్లగా తేలిగ్గా ఉన్నాయి. వాటిని కోసి వాడొచ్చా అన్నా?

బీరపాదు:
అవి ఫైబర్ గ్లాసు తమ్ముడూ. కోయొద్దు, విరవొద్దు. కోసినచోట సన్నని గాజు పోగులు లేచి చేతికి గుచ్చుకుంటాయి, తీసినా రావు. ఉన్న పొడుగులోనే పాతెయ్, లేదా వదిలెయ్.

తిరుచానూరు_పద్మజ:
ఆదివారం కూర్చుని కుట్టాను! సూదీదారం అక్క చెప్పినట్టే మొత్తం గుడ్డని మడిచి కుట్టాను. నీలం మీద తెల్ల చుక్కల గొడుగు అది, మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు కొన్నది. తుప్పు మరకలు ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో కాసేపు ఉంచి ఉతికాను, చాలావరకు పోయాయి. బొక్కకి అతుకు రెండు పొరలు వేశాను. ఇక్కడ ఒక అనుమానం. పట్టీలు గుడ్డలోంచే కోసి నాలుగు మడతలు వేసి కుట్టాను గానీ, మూడు కిలోల వంకాయలు, టమాటాలు వేసేసరికి చేతికి కోసుకుంటోంది. పట్టీ మొదట్లో గుడ్డ లాగుతున్నట్టు కూడా ఉంది.

సూదీదారం_చిత్తూరు:
శభాష్ పద్మజ గారూ. పట్టీలకి ఆ గుడ్డ వద్దు, జారుడు, సన్నం. పాత స్కూలు బ్యాగు పట్టీ గానీ, టైలరింగ్ సామాను షాపులో దొరికే నూలు టేపు గానీ తీసుకోండి, మూడు గజాలు చాలు. దాన్ని రెండు ముక్కలు చేయకుండా ఒకే చుట్టుగా కలిపేయండి. సంచి ముందువైపు కింది నుంచి పైకి, పిడి వదిలి మళ్ళీ పైనుంచి కిందికి, అడుగు దాటి వెనకవైపుకి, అక్కడా అలాగే. అప్పుడు బరువంతా టేపు మోస్తుంది, గుడ్డ ఊరికే వస్తువుల్ని చుట్టుకుని ఉంటుంది అంతే. టేపు సంచి మూతిని దాటేచోట చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేయండి. ఇలా కుట్టిన సంచిలో ఐదు కిలోల బియ్యం మోయించి చూశాకే మా షాపులో ఇస్తాను.

గొడుగు మూసినప్పుడు చుట్టే చిన్న పట్టీ ఉంటుంది కదా, దాన్ని తీసేయలేదు కదా? ఉంటే సంచి అంచుకి కుట్టుకోండి. చుట్టచుట్టి దాంతోనే బిగించుకోవచ్చు. మూడు మడతల గొడుగైతే దాని ఉర కూడా దాచుకోండి, సంచి దాంట్లోకే వెళ్ళిపోతుంది.

తిరుచానూరు_పద్మజ:
పట్టీ కోసి పీలికల్లో వేసేశాను, తీసి కుడతాను. ఉర ఎప్పుడో పోయింది.

గిరింపేట_కోడలు:
అక్కా, చిత్తూరులో మీ షాపు ఎక్కడ? నేను గుడ్డ తెచ్చిస్తే కుట్టడానికి ఎంత తీసుకుంటారు?

సూదీదారం_చిత్తూరు:
షాపు పేరు ఇక్కడ పెడితే ప్రచారం అంటారమ్మా, మెసేజ్ పెట్టు. గొడుగు మీరే విప్పి, గుడ్డ ఉతికి ఆరబెట్టి తెస్తే 70. విప్పకుండా గొడుగు తెచ్చి బల్ల మీద పడేస్తే 120. విప్పే పనే ఎక్కువ.

హాస్టల్_పిల్ల:
మూట సంచి అయిపోయింది, బ్రహ్మాండంగా ఉంది! మా ఫ్లోర్‌లో అందరూ అడుగుతున్నారు. వాళ్ళ దగ్గర విరిగిన గొడుగులు చాలానే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే శనివారం లీలామహల్ సర్కిల్ దగ్గరికి తెచ్చిస్తాను.

రంగుల_పీలికలు:
నాకు కావాలి. వెండి పూతవి వద్దు, పువ్వులవి ఉంటే ముందు నాకే.

బీరపాదు:
గుడ్డలు మీరు తీసుకోండి. కమ్మీలు విరవకుండా ఉంచండమ్మా, పైవారం తిరుపతి వస్తున్నాను.